నేను కోసేసిన మూడో పిన్ను

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నాది. పుత్తూరు రోడ్డులోనో చిత్తూరు రోడ్డులోనో ఒక మలుపు దగ్గర నిలబడి చెయ్యి అడ్డం పెడతాం, బస్సు ఆగుతుంది. ఎక్కగానే నేను చూసేది టికెట్టును కాదు, మొహాన్ని. టికెట్టు లేనివాడికి హఠాత్తుగా కొండలంటే ప్రేమ పుట్టుకొస్తుంది, కిటికీలోంచి తల తిప్పడు. దొంగనిద్ర పోయేవాడి కనురెప్పలు కదులుతుంటాయి. కంగారుగా జేబులన్నీ తడుముకునేవాణ్ణి చివరికి వదిలేస్తాను, వాడు నిజంగానే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అన్నట్టుంటుంది లోకం నా కంటికి.

డ్యూటీ దిగినా ఆ చూపు దిగదు. కూరగాయలామె తక్కెడ పట్టుకునే తీరు చూస్తాను. డాక్టరు మందు చీటీ రాసేటప్పుడు పక్కనే మందుల షాపు ఎవరిదో కనుక్కుంటాను. "మీరు అద్దంలో మీ మొగం సూసుకున్నా టికెట్టు అడిగే రకం" అంటుంది మా ఆవిడ. నేను దాన్ని మెప్పుగానే తీసుకునేవాణ్ణి.

ఇడ్లీ పిండికి కొత్త గ్రైండరు కొన్నప్పుడు కూడా అంతే. స్టీలు ఒంటితో మెరిసిపోతున్న దాన్ని ఆటోలో తిరుపతిలోని మా ఇంటికి తెచ్చి, వెనక వసారాలో పెట్టి, ప్లగ్గు చేతిలోకి తీసుకుంటే దానికి మూడు పిన్నులు ఉన్నాయి. కింద రెండు సన్నవి. పైన ఒకటి లావుగా, మిగతా రెండింటికంటే పొడుగ్గా. మా వసారా గోడలో ఉన్న పాత సాకెట్టుకు రెండే రంధ్రాలు. కొనేటప్పుడు షాపతను "మూడు పిన్నుల సాకెట్టులోనే పెట్టండి సార్" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ రెండోసారి దగ్గరే నాకు అనుమానం మొదలైంది. ఎవరైనా ఒక మాట రెండుసార్లు చెబుతున్నారంటే అందులో వాళ్ళకేదో ఉందని నా లెక్క.

ప్లగ్గును చేతిలో తిప్పి తిప్పి చూశాను. కరెంటు రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి అని బడిలో చెప్పారు. మరి ఈ మూడోది ఎవరి కోసం? ఫోను చార్జరుకు రెండే. టేబుల్ ఫ్యానుకు రెండే. పైగా పనిచేసే రెండూ బక్కచిక్కి ఉంటే, పనేమిటో తెలియనిది ఇంత లావుగా, పొడుగ్గా ఉండడమేమిటి? మా ఆఫీసులో అలాంటివాళ్ళను చాలామందిని చూశాను. కొత్త సాకెట్టు కొనిపించి, దానికి ఎలక్ట్రీషియన్ను పిలిపించి, గోడ పగలగొట్టించడానికి వీళ్ళంతా కలిసి వేసిన ఎత్తు అని తేల్చుకున్నాను. తేల్చుకున్నాక ఇంకొకర్ని అడగడం నాకు అలవాటు లేదు.

ఇనుము కోసే రంపం బ్లేడు వెతికి తెచ్చి వసారా గట్టు మీద కూర్చున్నాను. ప్లగ్గు జారిపోతుంటే అమ్మను పిలిచి పట్టుకోమన్నాను. నాయన పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఆమె రెండు చేతులతో ప్లగ్గును అదిమి పట్టుకుంది, నేను పై పిన్నును మొదలంటా కోసేశాను.

"ఊరికే పెడతారా నాయనా, పెట్టినోళ్ళు?" అంది అమ్మ, ఇత్తడి పొడి చీర మీద రాలుతుంటే.

"నీకు తెలీదులే మా" అన్నాను.

రెండు పిన్నుల ప్లగ్గు రెండు రంధ్రాల్లో చక్కగా దిగింది. గ్రైండరు తిరిగింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళ గురించి విన్నాం. నేను మూడు కాళ్ళు ఉన్నదాన్ని పట్టుకుని, రెండే చాలని కోసేసిన రకం. ఆ సాయంత్రం మా ఆవిడతో, కంపెనీవాళ్ళ ఎత్తు నా దగ్గర పారలేదని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మా ఇంట్లో పిండి రుబ్బడం అమ్మ పని. వంట మా ఆవిడ చేతుల్లోకి పోయింది, బజారు నా చేతుల్లో ఉంది. అమ్మకు మిగిలింది ఆ పిండి ఒక్కటే. వారానికి రెండుసార్లు పప్పు నానబెట్టడం, వసారా కడిగి, ఆ తడి నేల మీదే నిలబడి రుబ్బడం, పిండిని చేత్తో కలిపి గిన్నెల్లోకి ఎత్తడం. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "మీరు రుబ్బితే ఇడ్లీ రాయి మాదిరి వస్తాది" అనేది. అది నిజమే కూడా.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు నేను డ్యూటీ నుంచి రాగానే అమ్మ వసారాలోంచి వచ్చి చెయ్యి చూపించింది.

"గ్రైండరు కొడ్తా ఉండాది నాయనా. ముట్టుకుంటే జివ్వుమని మోచేతి దాకా ఎక్కుతాది."

వెళ్ళి చూశాను. తిరుగుతున్న గ్రైండరు మీద అరచెయ్యి ఆనించాను. ఏమీ లేదు. మా ఆవిడను పిలిచి పెట్టమన్నాను. ఆమెకూ ఏమీ లేదు.

"బాగానే ఉండాది కదమ్మా" అన్నాను.

"చెప్పులు ఇడిసి ముట్టుకో. తెలుస్తాది" అంది అమ్మ.

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో అప్పటికి ఏడాదిగా నడుస్తున్న గొడవ చెప్పుల గొడవే. రోజంతా నిలబడి నిలబడి నా మడమలు దెబ్బతిన్నాయి. ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవొద్దని, మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వేసుకోమని డాక్టరు చెప్పాడు. టైల్సు చలికి మా ఆవిడ కూడా ఇంట్లో రబ్బరు చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది. అమ్మకు అది ప్రాణసంకటంగా ఉండేది. "అన్నం వండే కాడ చెప్పులేందిరా. పొయ్యి కాడికి చెప్పులతో వస్తే ఆ ఇంట్లో లచ్చిమి ఉంటాదా?" అని రోజుకొకసారైనా అనేది. తను మాత్రం వంటింట్లోనూ వసారాలోనూ ఎప్పుడూ వట్టి కాళ్ళే.

కాబట్టి ఈ షాకు సంగతి మా కాళ్ళ చెప్పులు విప్పించడానికి అమ్మ కనిపెట్టిన ఉపాయం అనుకున్నాను. టికెట్టు లేనివాళ్ళు చెప్పే కథలు రోజుకు పది వినేవాణ్ణి, ఇంట్లో అమ్మ చెప్పే కథ కనిపెట్టలేనా అని లోపల నవ్వుకున్నాను కూడా. చెప్పులు విప్పలేదు. విప్పి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది.

అనుమానానికి ఇంకో ఆధారం కూడా దొరికింది. రుబ్బిన ప్రతిసారీ ఆ గ్రైండరు అమ్మను కొట్టేది కాదు. ఒకరోజు గట్టిగా కొట్టిందనేది, ఇంకోరోజు ఏమీ అనలేదనేది. అబద్ధం చెప్పేవాడి మాట పూటకో తీరుగా ఉంటుందని నా అనుభవం. ఏ రోజు కొడుతోంది, ఏ రోజు కొట్టడం లేదు అని గమనించడం మొదలుపెట్టాను. అత్తాకోడళ్ళకు మాటా మాటా వచ్చిన మర్నాడు కొడుతోందని నాకు తోచింది. తోచాక అలాగే కనిపించింది. కొట్టిన రోజుల్లో సగం రోజులు ఏ గొడవా జరగలేదన్న సంగతి నాకు పట్టలేదు.

"మా అమ్మకు గ్రైండరు వద్దు, మళ్ళా రోలే కావాల్సి వచ్చినట్టుండాది" అన్నాను మా ఆవిడతో.

"ఏమో. అత్త అట్ల అబద్ధం సెప్పే మనిషి కాదు. నరాల జబ్బేమో సూపించకూడదా" అంది ఆమె. ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉంది. నేను పట్టుకున్నది రెండో సగం.

ఒక ఆదివారం అమ్మను పుత్తూరు తీసుకుపోయాను. మా ప్రాంతంలో చెయ్యి నొప్పి అన్నా కాలు నొప్పి అన్నా ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. కట్టు కట్టే పెద్దాయన ముందు ఒక పొడుగాటి బెంచీ, దాని నిండా విరిగిన చేతులూ బెణికిన కాళ్ళూ. మా వంతు రాగానే ఆయన అమ్మ చెయ్యి పట్టుకుని భుజం నుంచి వేళ్ళ దాకా ఒక్కో కీలూ నొక్కుతూ వచ్చాడు.

"ఎముక బాగుండాది. నరమూ పట్టలేదు. ఏం పని జేసేటప్పుడు వస్తాదమ్మా ఇది?"

"గ్రైండరు ముట్టుకుంటే."

"వేరే దేన్నన్నా ముట్టుకుంటే?"

"రాదు."

ఆయన నా వైపు తిరిగాడు. "అయితే కట్టు మీయమ్మకు గాదప్పా, గ్రైండరుకు కట్టాల" అన్నాడు.

బెంచీ మీదున్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అంత దూరం నుంచి వస్తే హాస్యమాడుతున్నాడనుకున్నాను. జబ్బు అంతు పట్టక తప్పించుకుంటున్నాడేమో అని కూడా అనుమానించాను. వచ్చినందుకు ఒక కట్టు కట్టమని పట్టుబట్టాను. ఆయన వద్దని రెండుసార్లు చెప్పి, చివరికి నా పోరు పడలేక అమ్మ మణికట్టుకు తైలం రాసి గుడ్డ చుట్టాడు. తిరుగు బస్సులో అమ్మ ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, వేరేవాళ్ళ వస్తువును చూసినట్టు చూసుకుంటూ కూర్చుంది.

కట్టు పది రోజులుంది. ఆ పది రోజులూ మా ఆవిడే రుబ్బింది, చెప్పులతో. షాకు అన్న మాటే ఇంట్లో వినపడలేదు. "సూసినావా, కట్టుతో పోయింది" అన్నాను అమ్మతో. నా చికిత్స కుదిరిందని పొంగిపోయాను.

కట్టు విప్పాక అమ్మ మళ్ళీ వసారాలోకి వెళ్ళింది. ఈసారి ఫిర్యాదు లేదు. వారాలు గడిచాయి, సంక్రాంతి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. కానీ ఆమె రుబ్బే తీరు మారింది. కూర్చునే చెక్క పీటను గ్రైండరు ముందు వేసుకుని దాని మీద నిలబడేది. పిండిని చేత్తో తొయ్యకుండా చెక్క తెడ్డుతో తోసేది. స్విచ్చి ఆపి, మళ్ళీ ప్లగ్గు కూడా పీకాకే పిండి ఎత్తేది. ప్లగ్గు పీకేటప్పుడు పొడి తువ్వాలు చేతికి చుట్టుకునేది.

నేను అదంతా చూశాను. చూసి నేను అనుకున్నది ఇది: ఈమె ఎవరో సోది చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది, వాళ్ళేదో నియమం పెట్టారు.

"ఏందిమా ఆ పీట?" అని అడిగాను ఒకరోజు.

"ఏంలేదులే."

"ఎవురన్నా సెప్పినారా?"

"ఎవురు సెప్తారు నాకు" అంది అమ్మ, తెడ్డు ఆపకుండా.

ఆమె చెప్పడం మానేసింది. ఎవరూ నమ్మని ఇంట్లో, కొట్టే వస్తువు పక్కన, తన ప్రాణాన్ని తనే కాపాడుకునే దారి వెతుక్కుంది. అది నాకు అప్పుడు నా గెలుపులా కనిపించింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఎండలు ముదిరాక వసారా ఫ్యాను ఆగిపోతే, మా వీధిలో అందరూ భాయ్ అని పిలిచే ఎలక్ట్రీషియన్ను పిలిచాను. నెరిసిన గడ్డం, మాట తక్కువ మనిషి. అతను నిచ్చెన మీద ఉండగా కింద అమ్మ తన పని మొదలుపెట్టింది. పీట వేసుకుంది. చేతికి తువ్వాలు చుట్టుకుని ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసింది. అతను స్క్రూ తిప్పడం ఆపి కాసేపు కిందికి చూశాడు. తర్వాత నిచ్చెన దిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి కొడ్తా ఉండాది అవ్వా?" అన్నాడు.

కొడుతోందా అని కూడా అడగలేదు. అమ్మ అతని మొహంలోకి చూసి, "ఆర్నెల్లయింది నాయనా" అంది.

అతను జేబులోంచి టెస్టరు తీసి గ్రైండరు స్టీలు ఒంటికి ఆనించాడు. టెస్టరు పిడిలోని బుల్లి దీపం ఎర్రగా వెలిగింది.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. ఫ్యానుకు పిలిస్తే వైరింగు పని కూడా పుట్టిస్తున్నాడు, ఆ టెస్టరులో ఏదో కిటుకు ఉంది అనుకున్నాను. "మాకెవురికీ కొట్టలేదే" అన్నాను.

అతను నా కాళ్ళ వైపు చూశాడు. "మీవి రబ్బరు చెప్పులు సార్. మీకు యాడ తెలుస్తాది?"

ప్లగ్గు పీకి చేతిలోకి తీసుకున్నాడు. పై పిన్ను ఉండాల్సిన చోట బొటనవేలితో రుద్దాడు.

"ఎవురు సార్ దీన్ని కోసింది?"

"అట్లే ఇచ్చినారు షాపులో" అన్నాను. మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది, నేను తల తిప్పకుండా పెరట్లో కొబ్బరి చెట్టు వైపు చూస్తున్నానని. ఇరవై ఏళ్ళుగా నేను పట్టుకున్నవాళ్ళందరి మాదిరే చూస్తున్నాను. గుమ్మడికాయల దొంగను ఎవరూ ఇంకా పిలవనే లేదు, నా చెయ్యి భుజం మీదికి పోయింది. అమ్మ ఆ పిన్ను కోసిన రోజు ప్లగ్గు పట్టుకున్న మనిషి. ఆమె నా అబద్ధాన్ని విని తల దించుకుంది గానీ నన్ను పట్టివ్వలేదు.

"ఇది రంపం గీత సార్" అన్నాడు భాయ్, మెల్లగా.

"నేనే కోసినాను" అన్నాను.

అతను తిట్టలేదు. తన సంచిలోంచి ఒక కొత్త మూడు పిన్నుల ప్లగ్గు తీసి చూపించాడు. "ఈ కింది రెండూ పని జేసేటియి. పై లావుది కాపలా కాసేది. దినామూ దానికి పనుండదు. లోపల తడి తగిలి వైరు చెడి, పై రేకుకు కరెంటొచ్చినప్పుడే దాని పని. ఆ కరెంటును భూమిలోకి లాక్కపోతాది. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికన్నా ముందు లోపలికి పోవాల, తీసేటప్పుడు అందరికన్నా చివర రావాల. అందుకే పొడుగు. లావెందుకంటే, పొరపాటున కూడా కరెంటొచ్చే బొక్కలో అది దూరగూడదు."

"దినామూ కొట్టేది కాదంట కదా" అన్నాను. అప్పటికీ నా వాదం పూర్తిగా చావలేదు.

"మూడుంటే ప్లగ్గు ఒగ తీరుగానే పడతాది సార్. మీరు రెండు జేసినారు. ఇప్పుడు ఎట్ల తిప్పి పెట్టినా దూరతాది. ఒగ పక్క పెడితే గట్టిగా కొడ్తాది, ఇంగో పక్క పెడితే తెలిసీ తెలీకుండా ఉంటాది."

అతను వసారా తడి నేలను చూపించాడు. "భూమిలోకి పొయ్యేదానికి దానికో దారి గావాల కదా. మీరు ఆ దారి కోసేసినారు. అది అవ్వ కాళ్ళలోంచి పోతా ఉండాది."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె తన చెప్పులు విప్పి పక్కకు నెట్టేసింది. ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం చెప్పుల్లోనే ఉండిపోయాను. ఆరు నెలలు మా అమ్మ నోటితో చెబితే నమ్మని నేను, చిటికెన వేలి గోరంత దీపం వెలిగితే నమ్మాను. ఆ ఆరు నెలల్లో ఏ తడి పొద్దున అయినా, నేను ఏ రోడ్డు మలుపులోనో ఎవరి మొహమో చదువుతూ ఉండగా, ఇంటి నుంచి ఫోను వచ్చి ఉండేది. ఆ భయం నన్ను అప్పుడు పట్టుకుంది, నిజానికి ఇంకా వదల్లేదు.

భాయ్ ఆ రోజంతా మా ఇంట్లోనే పనిచేశాడు. గ్రైండరు అడుగు విప్పి, తడికి పాడైన వైరు మార్చాడు. వంటింటి బోర్డులో భూమిలోకి పోయే ఎర్తు వైరు సరిగ్గా ఉందో లేదో చూసి, అక్కడి నుంచి వసారాకు మూడు వైర్లు లాగి, కొత్త సాకెట్టు బిగించాడు. కొత్త ప్లగ్గు తొడిగాడు. నేను పక్కనే ఉండి అడిగినవి అందిస్తూ వచ్చాను. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. మా ఆవిడ అది గమనించి, "ఒంట్లో బాగుండాది కదా మీకు?" అని అడిగింది.

సాయంత్రానికి పని అయిపోయింది. గ్రైండరు ఆన్ చేసి టెస్టరు ఆనించాడు. దీపం వెలగలేదు.

"ఇప్పుడు ముట్టుకో అవ్వా" అన్నాడు.

అమ్మ గ్రైండరుకు రెండడుగుల దూరంలో నిలబడింది. చేతులు కొంగులో చుట్టుకుని ఉన్నాయి. ముందుకు రాలేదు.

నేను చెప్పులు విప్పాను. చల్లటి తడి నేల అరికాళ్ళకు తగిలింది. వెళ్ళి, తిరుగుతున్న గ్రైండరు మీద అరచెయ్యి మొత్తం ఆనించి, అలాగే ఉంచాను.

"ఏమీ లేదుమా. సూడు" అన్నాను.

అమ్మ నా చేతిని చూడలేదు. నా మొహంలోకి చూసింది, నేను బస్సుల్లో చూసినట్టే.

"అప్పుడూ ఇదే మాట సెప్పినావు కదా నాయనా" అంది.

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. ఆమె భాయ్ వైపు తిరిగింది.

"నువ్వు సెప్పప్పా. ముట్టుకోమంటావా?"

"ముట్టుకో అవ్వా. ఏమీ కాదు" అన్నాడతను.

ఆ పొద్దునే మొదటిసారి మా గడప తొక్కిన మనిషి మాట మీద, మా అమ్మ కొంగులోంచి చెయ్యి తీసి గ్రైండరు మీద పెట్టింది.